పార్కిన్సన్స్‌లో నడక ఆగిపోతుంటే మళ్లీ ట్రోడాట్ స్కాన్ చేయించాలా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకీ సందర్భం తెలుస్తుంది. మీ నాన్నగారికి నాలుగేళ్ల కిందట కుడిచేతి వణుకుతో మొదలైంది. ఎంఆర్ఐ నార్మల్ అన్నారు. ఆ తర్వాత మెదడులో డోపమైన్ పోగులని చూపే ట్రోడాట్ స్కాన్‌లో, మెదడు లోపలి భాగమైన పుటామెన్ ఎడమ వైపున వెనక తగ్గుదల ఉందని రాశారు, డాక్టరుగారు పార్కిన్సన్స్ అని తేల్చి సిండోపా (లెవోడోపా ఉన్న మాత్ర) మొదలుపెట్టారు. దానితో బాగానే గడిచింది. ఈ ఏడాది గడప దాటేటప్పుడు, వెనక్కి తిరిగేటప్పుడు కాళ్లు నేలకు అతుక్కుపోతున్నాయి, ఈ మధ్య రెండుసార్లు పడ్డారు. వణుకు మాత్రం పెరగలేదు. జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుందని బంధువులు మళ్లీ ట్రోడాట్ చేయించమంటున్నారు. మీకూ మీ చెల్లెలికీ ముందుజాగ్రత్తగా ఓ స్కాన్ తీయించుకోవాలా అని కూడా అడిగారు.

మెదడు స్కాన్లు చదవడమే నా వృత్తి. అయినా చెబుతున్నాను, మీ నాన్నగారికి ఇప్పుడు రెండో ట్రోడాట్ అక్కర్లేదు. ఆ డబ్బు నడక మీద పనిచేసే ఫిజియోథెరపీకి పెట్టండి. ఆయనకి మళ్లీ అవసరం కావచ్చనిపించే స్కాన్ వేరే ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ట్రోడాట్ అసలు దేన్ని చూస్తుందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మెదడు కాండం పైభాగంలో రెండు వైపులా సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి పట్టీ ఉంటుంది. అక్కడి నాడీకణాల పోగులు పైకి సాగి పుటామెన్, కాడేట్ అనే భాగాల్లోకి చేరి, కదలికలని నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని వదులుతాయి. వదిలిన డోపమైన్‌ని మళ్లీ లోపలికి లాక్కోడానికి ఆ పోగుల చివర ట్రాన్స్‌పోర్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. ట్రోడాట్ మందు వెళ్లి అంటుకునేది దానికే. మన దగ్గర ఆ మందుకి టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపి ఇస్తారు, ఇంజెక్షన్ చేసిన మూడు నాలుగు గంటలకి ఫోటో తీస్తారు. ఇదే పనికి విదేశాల్లో అయోడిన్ 123 కలిపిన అయోఫ్లూపేన్ వాడతారు. యూరప్‌లో 2000లో, అమెరికాలో 2011లో దానికి అనుమతి వచ్చింది. పెద్ద నగరాల్లో చేసే ఎఫ్-డోపా పెట్ స్కాన్ ఇంకో మెట్టుని చూస్తుంది: డోపా లోపలికి వెళ్లి డోపమైన్‌గా మారి నిల్వ అవుతోందా అని. ఏది చేసినా లెక్కకి వచ్చేవి డోపమైన్ పోగుల చివరలే. చెయ్యి ఎంత వణుకుతోంది, అడుగు ఎంత పొడవు పడుతోంది అనేవి అందులో లేవు.

తెర మీద బొమ్మ ఎలా ఉంటుందో చెబుతాను, మీ దగ్గరున్న సీడీ పెట్టుకుని పోల్చుకోండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రెండు వైపులా రెండు కామాలు ఎదురెదురుగా కనిపిస్తాయి. కామా తల కాడేట్, తోక పుటామెన్. పార్కిన్సన్స్‌లో ముందు తోక చివర మసకబారుతుంది, ఎందుకంటే ఒంటి కదలికలకి సంబంధించిన భాగం పుటామెన్ వెనక వైపే ఉంది. క్రమంగా తోకంతా పోయి చుక్క మిగులుతుంది. రెండు వైపులా ఒకేలా పోదు; కుడిచేతిలో మొదలైతే ఎడమ తోక ముందు పోతుంది. మీ నాన్నగారి రిపోర్టులో రాసింది అచ్చంగా ఇదే. ఆ స్కాన్ తన పని తాను చేసింది.

ఈ తోక తగ్గుదలతో బాగా కలిసొచ్చేవి రెండు లక్షణాలు, కదలికలు నెమ్మదించడం, ఒళ్లు బిగుసుకోవడం. చొక్కా బొత్తాలు పెట్టుకోడానికి ఎక్కువసేపు పట్టడం, అక్షరాలు చిన్నవైపోవడం, చెయ్యి ఊపకుండా నడవడం ఈ కోవలోవే. ఆ సంబంధం కూడా జబ్బు తొలి రోజుల్లోనే గట్టిగా కనిపిస్తుంది, ఆ తర్వాత సడలిపోతుంది. చనిపోయిన రోగుల మెదళ్లని పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే, రోగ నిర్ధారణ జరిగిన నాలుగేళ్లకే పుటామెన్ పైభాగంలో డోపమైన్ పోగులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మీ నాన్నగారు సరిగ్గా ఆ దశలోనే ఉన్నారు. ఇప్పుడు స్కాన్ తీస్తే అప్పుడు మసగ్గా ఉన్న తోక ఇప్పుడు ఇంకా మసగ్గా ఉందని వస్తుంది. పదేళ్ల తర్వాత తీసినా దాదాపు అంతే. ఆ కాలమంతా మనిషి నడక మారుతూ ఉంటుంది, స్కాన్ మాత్రం మారడానికి చోటులేక అక్కడే ఆగిపోతుంది.

స్కాన్ అంకెనీ మనిషి కదలికనీ ఒకటిగా చూడకూడదని వైద్యలోకానికి గట్టిగా నేర్పిన పరీక్ష 2004లో వెలువడింది. పేరు ఎల్‌డోపా. జబ్బు అప్పుడే మొదలైన 361 మందిని నాలుగు జట్లు చేసి కొందరికి ఉత్తుత్తి మాత్ర, మిగతావాళ్లకి రోజుకి 150, 300, 600 మిల్లీగ్రాముల లెవోడోపా (మెదడులో డోపమైన్‌గా మారే మందు) 40 వారాలు ఇచ్చి, తర్వాత రెండు వారాలు మందు ఆపి చూశారు. లెవోడోపా వాడినవాళ్లు మందు ఆపాక కూడా ఉత్తుత్తి మాత్రవాళ్ల కంటే మెరుగ్గా కదిలారు. వాళ్లలో కొందరికి తీసిన ట్రాన్స్‌పోర్టర్ స్కాన్ మాత్రం తిరగబడి చెప్పింది: 600 మిల్లీగ్రాముల వాళ్లలో 7.2 శాతం తగ్గుదల, ఉత్తుత్తి మాత్రవాళ్లలో 1.4 శాతమే. స్కాన్‌నే నమ్మితే మందు మెదడుని పాడుచేస్తోందని అనుకోవాలి. చాలామంది అలాగే భయపడ్డారు. లెవోడోపా వల్ల ఆ ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీనే తగ్గి ఉండొచ్చు, కణాలు చచ్చిపోయి ఉండనక్కర్లేదు అనే వివరణ అప్పుడే వినిపించింది. 2019లో నెదర్లాండ్స్‌లో జరిగిన లీప్ పరీక్షలో కొందరికి లెవోడోపా వెంటనే, మరికొందరికి 40 వారాల తర్వాత మొదలుపెట్టి 80 వారాలు చూస్తే, ముందు మొదలుపెట్టినవాళ్లకి అదనపు నష్టం కనిపించలేదు. ఇది ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, సిండోపా ఎక్కువ వాడితే మెదడు పాడవుతుందని భయపడి మోతాదు తగ్గించుకుని మంచాన పడ్డవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. నాకు అది చాలా బాధ కలిగిస్తుంది.

దీనికి అటు వైపు ఉదాహరణ కూడా ఉంది. 2001లో అమెరికాలో 40 మంది రోగుల్లో సగం మందికి పిండం నుంచి తీసిన డోపమైన్ కణాలు పుటామెన్‌లో నాటారు. ఎక్కువమందిలో ఎఫ్-డోపా పెట్ మెరుగైంది, అంటే కణాలు బతికాయి. అరవై దాటినవాళ్ల కదలికల్లో మాత్రం చెప్పుకోదగ్గ లాభం రాలేదు, కొందరికి తర్వాత ఒళ్లు మెలికలు తిరిగే అదుపులేని కదలికలు వచ్చాయి.

ఇక వణుకు. మొదటి స్కాన్‌లో అంత తగ్గుదల ఉంటే వణుకు ఎందుకు పెరగలేదని అడిగారు. వణుకుకీ పుటామెన్ తగ్గుదలకీ సరైన పొత్తు లేదు. వణుకు ప్రధానంగా ఉన్నవాళ్లలో స్కాన్ తరచు తక్కువ పాడై కనిపిస్తుంది, వణుకు లేకుండా బిగుసుకుపోయినవాళ్లలో ఎక్కువ పాడై ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని నైమేగెన్ బృందం 2011లో రోగులని ఎంఆర్ఐ గొట్టంలో పడుకోబెట్టి, చేతికి కండరాల కదలిక కొలిచే తీగలు పెట్టి, వణుకు మొదలయ్యే క్షణంలో మెదడులో ఎక్కడ కదలిక ఉందో, వణుకు పెద్దదవుతున్నప్పుడు ఎక్కడ ఉందో విడదీసి చూసింది. పాలిడమ్ లాంటి లోపలి కేంద్రాలు వణుకు మొదలైనప్పుడు చురుగ్గా ఉన్నాయి. వణుకు ఎంత పెద్దదన్నది చిన్నమెదడు, మెదడు నడుమ ఉండే థాలమస్, కదలికల కార్టెక్స్ (మెదడు పైపొర) కలిసిన వలయంతో కలిసి నడిచింది. మన ఇంట్లో ఫ్యాన్‌కి స్విచ్ ఒకటి, రెగ్యులేటర్ ఒకటి వేరుగా ఉన్నట్టు, ఇక్కడ ఆన్ చేసేది ఒక చోట, వేగం పెంచేది ఇంకో చోట. ట్రోడాట్ స్విచ్ వైపు మాత్రమే చూస్తుంది. అందుకే మందులకి లొంగని వణుకుకి సర్జన్లు థాలమస్‌లో చిన్న చోటుని ఎంచుకుంటారు, పుటామెన్ జోలికి వెళ్లరు. మాత్ర వేసుకున్నా వణుకు తగ్గలేదని, మందు పనిచేయట్లేదని అనుకోకండి. నాన్నగారి బొత్తాలు, చేతిరాత, మంచం మీద పక్కకి తిరగడం ఎలా ఉన్నాయో చూడండి. మందు పనితనం అక్కడ తెలుస్తుంది.

మీకు అన్నిటికంటే ముఖ్యమైనది నడక. కాళ్లు అతుక్కుపోవడం, పడిపోవడం అనేవి డోపమైన్ ఒక్కదాని కథ కాదు. మెదడు కాండంలో పెడంక్యులోపాంటైన్ న్యూక్లియస్ అని ఒక చిన్న కేంద్రం ఉంది, నడక లయకీ నిలకడకీ అది కీలకం. అక్కడ పనిచేసే రసాయనాల్లో ప్రధానమైనది ఎసిటైల్‌కోలిన్. మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం 2009లో పార్కిన్సన్స్ రోగుల్లో పడిపోతున్నవాళ్లనీ పడనివాళ్లనీ పెట్ స్కాన్‌లతో పోల్చింది. డోపమైన్ తగ్గుదల రెండు జట్లలో ఇంచుమించు ఒకటే. తేడా ఎసిటైల్‌కోలిన్‌లో కనిపించింది, పడిపోతున్నవాళ్లకి థాలమస్‌లో, కార్టెక్స్‌లో అది తక్కువగా ఉంది. మీ నాన్నగారు ఎందుకు పడుతున్నారో ట్రోడాట్ చెప్పలేదని నేను అనడానికి నాకు కనిపించే బలమైన ఆధారం ఇదే. ఆ ఎసిటైల్‌కోలిన్ స్కాన్లు పరిశోధన కేంద్రాలకే పరిమితం, మన ఆస్పత్రుల్లో మామూలు రోగులకి చేసేవి కావు.

కాళ్లు అతుక్కునే తీరుని దగ్గరగా గమనించండి. తిన్నగా ఉన్న వరండాలో ఆయన బాగానే నడుస్తారు. తలుపు దగ్గరికి రాగానే అడుగులు చిన్నవై, మడమలు వణికి, పై ఒళ్లు ముందుకు వెళ్తుంది గానీ పాదాలు రావు. అప్పుడు ఆయన పాదం ముందు మీ పాదం అడ్డంగా పెట్టి దాన్ని దాటమనండి, చాలాసార్లు అడుగు పడిపోతుంది. మనంతట మనం నడిచేటప్పుడు మెదడు ముందు భాగంలో సప్లిమెంటరీ మోటార్ ఏరియా అనే చోటు అడుగు మొదలుపెడుతుంది, దానికి పుటామెన్ నుంచి సాయం అందాలి. కంటికి కనిపించే గీత దాటేటప్పుడు చిన్నమెదడు, ప్రీమోటార్ కార్టెక్స్ దారి ఎక్కువగా పనిచేస్తుంది. ఫిజియోథెరపిస్టులు నేల మీద రంగు టేపులు అంటించేదీ, లెక్కపెడుతూ నడవమనేదీ ఆ దారిని వాడుకోడానికే. ఇది ఇంట్లో ఈరోజే మొదలుపెట్టొచ్చు. గడపకి ముందు రెండు మూడు టేపులు, బాత్‌రూమ్ దగ్గర కొన్ని అంటించండి. వెనక్కి తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా పెద్ద చుట్టు తిరగమనండి.

స్కాన్ కంటే ఎక్కువ పనికొచ్చేది మీ ఫోనులోనే ఉంది. సిండోపా వేసుకునే ముందు ఒకసారి, వేసుకున్న గంట తర్వాత ఒకసారి, అదే గడప దగ్గర అదే నడకని వీడియో తీయండి. మాత్ర దిగిపోయిన వేళల్లోనే కాళ్లు అతుక్కుంటుంటే మోతాదు, వేళలు సర్దితే చాలావరకు తగ్గుతుంది. మాత్ర బాగా పనిచేస్తున్న గంటలో కూడా అలాగే ఉంటే దారి వేరు, మాత్ర పెంచినంత మాత్రాన ప్రయోజనం ఉండకపోవచ్చు. ఈ తేడా న్యూరాలజిస్టుకి ఏ ఫిలిమూ చూపించలేదు. దానితోపాటు పడుకున్నప్పుడు, లేచి నిలబడిన మూడు నిమిషాలకి బీపీ చూసి రాసుకోండి. లేచినప్పుడు బీపీ పడిపోయి తూలడం ఈ జబ్బులో మామూలే, దాన్ని కాళ్లు అతుక్కోవడంగా పొరబడుతుంటారు.

మాత్రల సంచీ కూడా ఒకసారి బోర్లించి చూడండి. గ్యాస్‌కి అని ఏళ్ల తరబడి వేసుకునే కొన్ని గొట్టం మాత్రల్లో (క్యాప్సూల్స్) లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. తల తిరుగుడుకి ఇచ్చే సిన్నరజీన్, తలనొప్పికి వాడే ఫ్లూనరజీన్, వాంతులకి మెటోక్లోప్రమైడ్ కూడా అదే కోవకి వస్తాయి. ఇవి డోపమైన్ పనిని అడ్డుకుంటాయి. పార్కిన్సన్స్ లేనివాళ్లకే ఒళ్లు బిగిసి, ఈడ్చుకుంటూ నడిచేలా చేస్తాయి, ఉన్నవాళ్లకి ఇంకా కష్టం. అటువంటిది కనిపిస్తే మీ డాక్టరుని అడిగి మార్పించండి. ట్రోడాట్ నిజంగా విలువైన సందర్భం కూడా ఇదే: మందుల వల్ల వచ్చిన బిగుతు మాత్రమే అయితే కామాలు రెండూ చక్కగా ఉంటాయి. కేవలం వణుకే ఉండి అది పార్కిన్సన్సా, తరచు వంశపారంపర్యంగా వచ్చే ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే వణుకు జబ్బా అని తేలనప్పుడూ అంతే. 2015లో అంతర్జాతీయ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఈ రకం స్కాన్ నార్మల్‌గా వస్తే పార్కిన్సన్స్ అని పేరు పెట్టకూడదు. జబ్బు ఉందని చెప్పడానికి మాత్రం స్కాన్ తప్పనిసరి కాదు. నెమ్మదితనం ఉండి, దానికి వణుకో బిగుతో తోడై, మందుకి స్పందన ఉంటే అనుభవమున్న డాక్టరు చేతితో పరీక్ష చేసే చెప్పగలరు.

ఇప్పుడు ముందు చెప్పిన వేరే స్కాన్ సంగతి. మీ నాన్నగారు రెండుసార్లు పడ్డారు. తలకి దెబ్బ తగిలి ఉంటే, లేదా ఈ మధ్య మత్తుగా, అయోమయంగా, ఒక వైపు బలహీనంగా ఉంటే, ఆలస్యం చేయకుండా సీటీ తీయించండి. పెద్దవాళ్లలో పుర్రె కింద రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత బయటపడుతుంది, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లలో మరీనూ. అలాంటివేమీ లేకపోయినా, పాత ఎంఆర్ఐకి నాలుగేళ్లయింది, నడక మారింది కాబట్టి కొత్త ఎంఆర్ఐ అడగడం న్యాయమే. అందులో వెంట్రికల్స్ (మెదడు లోపల నీరుండే గదులు) ఉబ్బి ఉన్నాయా, చిన్న చిన్న పక్షవాతాల మచ్చలు పేరుకున్నాయా, నడిమెదడు సన్నబడిందా అన్నవి చూడాలి. పార్కిన్సన్స్‌ని పోలిన పీఎస్‌పీ అనే జబ్బులో నడిమెదడు కుంచించుకుపోయి పక్క నుంచి చూస్తే హమ్మింగ్‌బర్డ్ ఆకారం కనిపిస్తుంది. అలాంటిదే ఎంఎస్ఏ అనే ఇంకో జబ్బులో, మెదడు కాండంలోని పాన్స్ అనే భాగం మీద శిలువ గుర్తు రావచ్చు. ఈ రెండు జబ్బుల్లోనూ ట్రోడాట్ పాడై ఉంటుంది కాబట్టి అది వీటిని పార్కిన్సన్స్ నుంచి విడదీయలేదు, ఎంఆర్ఐ కొంతవరకు విడదీస్తుంది. మీ నాన్నగారికి మాత్ర బాగా పనిచేసింది, మొదటి మూడేళ్లలో పడలేదు. ఈ రెండూ ఊరటనిచ్చే విషయాలు.

ఎంఆర్ఐ నార్మల్ అని రాసినా పార్కిన్సన్స్ ఎలా అన్నారని మీకు అప్పట్లో అనుమానం వచ్చిందన్నారు. మామూలు ఎంఆర్ఐ పార్కిన్సన్స్‌లో నార్మల్‌గానే ఉంటుంది. 3 టెస్లా యంత్రం మీద ఇనుముని పట్టిచూపే ఎస్‌డబ్ల్యూఐ చిత్రాల్లో సబ్‌స్టాన్షియా నైగ్రా వెనక వైపు ఒక తెల్లటి చీలిక, స్వాలో పక్షి తోకలా, ఆరోగ్యవంతుల్లో కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో అది మాయమవుతుందని నాటింగ్‌హామ్ బృందం 2014లో చూపింది. ఇదీ ఉందా లేదా అన్న గుర్తే, ఎంత ముదిరిందో కొలిచేది కాదు.

ముదురుని కొలవగల గుర్తు ఏదైనా రాబోతోందా అంటే, నాకు ఆశ ఉన్నది ఫ్రీ వాటర్ ఇమేజింగ్ మీద. సబ్‌స్టాన్షియా నైగ్రా వెనక భాగంలో కణాలు పోయేకొద్దీ వాటి మధ్య నీరు స్వేచ్ఛగా కదిలే చోటు పెరుగుతుంది, దాన్ని డిఫ్యూజన్ ఎంఆర్ఐతో లెక్కించవచ్చు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం బృందం 2015లో ఒక్క ఏడాదిలోనే ఆ అంకె పెరుగుతుందని చూపింది. మైకేల్ జె. ఫాక్స్ ఫౌండేషన్ 2010లో మొదలుపెట్టిన, పార్కిన్సన్స్ రోగులని ఏళ్ల తరబడి గమనించే పీపీఎంఐ అధ్యయనం చిత్రాల మీద 2017లో చూస్తే, నాలుగేళ్ల పాటు అది పెరుగుతూనే ఉంది. మొదటి ఒకటి రెండేళ్లలో పెరిగిన తీరుకీ నాలుగేళ్లలో రోగి దశ మారిన తీరుకీ సంబంధం కూడా కనిపించింది. పుటామెన్ బొమ్మ ఆగిపోయే చోట ఇది ఇంకా కదులుతోందంటే, కొత్త మందులు జబ్బుని నిజంగా నెమ్మదింపజేస్తున్నాయో లేదో పరీక్షించడానికి అది పెద్ద అండ. మీ నాన్నగారి డాక్టరు రాసిచ్చే చీటీలోకి అది ఇంకా రాలేదు, ఎవరైనా సెంటరువాళ్లు ప్యాకేజీలో ఇస్తామన్నా దాన్ని బట్టి మందులు మార్చుకోకండి.

మీకూ మీ చెల్లెలికీ స్కాన్ వద్దు. పార్కిన్సన్స్ ఎక్కువమందిలో నేరుగా తల్లిదండ్రుల నుంచి దిగే జబ్బు కాదు, తండ్రికి ఉంటే మీకు అవకాశం కొంత పెరుగుతుంది గానీ మొత్తం మీద తక్కువే. లక్షణాలు లేనప్పుడు స్కాన్‌లో ఏదో చిన్న తేడా కనిపించినా ఈరోజు దానికి ఇవ్వగల మందు లేదు, మిగిలేది దిగులే. కుటుంబంలో ఇంకా కొందరికి ఉన్నా, లేదా చిన్న వయసులోనే ఎవరికైనా మొదలై ఉన్నా ఆ మాట న్యూరాలజిస్టుకి చెప్పండి, అప్పుడు ఆలోచించాల్సింది జన్యుపరీక్ష గురించి. ప్రస్తుతానికి నాన్నగారి రెండు వీడియోలు, బీపీ కాగితం, మాత్రల సంచీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత ట్రోడాట్ సీడీ కూడా పట్టుకెళ్లండి, అది చాలు.